తలుపు తెరిచాకే అసలు సైజు: మా ఓపెన్ కిచెన్ ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

హాలూ వంటిల్లూ కలిపి ఒకే గది. మధ్యలో గోడ లేదు. వంట భాగం అడ్డంగా 14 అడుగులు. లోపలి గోడ నుంచి హాలు వైపుకి తొమ్మిదిన్నర అడుగుల దాకా వాడుకోవచ్చు. లోపలి గోడలో అయిదడుగుల కిటికీ, కుడి గోడలో పెరట్లోకి తలుపు ఉన్నాయి. ఎడమ గోడ మొత్తం ఖాళీ. ప్లాస్టరింగు అయింది, టైల్స్ ఇంకా పడలేదు. కార్పెంటరు వచ్చే సోమవారం నుంచే మొదలుపెడతానన్నాడు. నాలుగు వారాలు ఆగమని చెప్పాను. ఏ వస్తువు ఎక్కడ కూర్చుంటుందో తేలకుండా ఒక్క చెక్కముక్క కూడా కోయకూడదని నా పట్టుదల.

పాత ఇంట్లో అలమరలు ముందు కట్టించుకుని, మిగిలిన సందుల్లో వస్తువులు ఇరికించాం. ఏడేళ్లపాటు ఓవెన్ తెరవాలంటే ముందు పక్క సొరుగు మూయాల్సి వచ్చింది. ఈసారి వస్తువులకి చోటు చూశాకే అలమరలు.

ఇవాళ చేసిన పని ఒక్కటే, పట్టిక రాయడం. ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, చిమ్నీ, ఓవెన్, మైక్రోవేవ్, డిష్‌వాషర్ పెద్దవి. కెటిల్, టోస్టర్, మిక్సీ, వాటర్ ఫిల్టర్ చిన్నవి. పెద్దవాటికి ఒక్కోదానికి మూడు కొలతలు రాశాను. మొదటిది వస్తువు కొలత. రెండోది గాలి ఆడే ఖాళీతో కలిపిన కొలత. మూడోది తలుపు పూర్తిగా తెరిచి, లోపలి ట్రే బయటికి లాగి, దాని ముందు ఒక మనిషి నిలబడితే పట్టే చోటు. షాపువాళ్లు చెప్పేది మొదటిది. ఇన్‌స్టలేషన్ పుస్తకంలో రెండోది ఉంటుంది. మూడోది ఎక్కడా రాసి ఉండదు, మనమే కొలుచుకోవాలి. మా ఫ్రిజ్ లోతు 70 సెంటీమీటర్లు. వెనక గోడకి 5 వదిలితే 75. తలుపు తెరిచి మనిషి నిలబడితే 170 దాటింది.

ఇంకో సంగతి కూడా రాసి పెట్టుకున్నాను. వస్తువుల కొలతలు మిల్లీమీటర్లలో వస్తాయి, కార్పెంటరు అంగుళాల్లో కోస్తాడు. 600 మిల్లీమీటర్ల డిష్‌వాషర్‌ని మనం నోటితో 'రెండడుగులు' అనేస్తాం. రెండడుగులంటే 610. ఆ పది మిల్లీమీటర్లు ఒక్క వస్తువు దగ్గర లెక్కలోకి రాకపోవచ్చు గానీ, గోడ పొడవునా ఆరు వస్తువులు వరసగా పెడితే రెండంగుళాల పైన తేడా వస్తుంది. అందుకే పట్టికలో రెండు వరసలు పెట్టాను, మిల్లీమీటర్లకొకటి, అంగుళాలకొకటి.

మూడో రోజు

కాగితం మీద వేసుకున్న మొదటి ప్లాను ఇది: స్టవ్ మధ్యలో ఐలాండ్ మీద (గోడలకి ఆనకుండా విడిగా నిలబడే గట్టు), హాలు వైపు తిరిగి. సింకు కిటికీ కింద. ఫ్రిజ్ లోపలి గోడకి కుడి మూలలో, పెరటి తలుపు పక్కన. ఓవెన్, మైక్రోవేవ్ ఎడమ గోడకి నిలువుగా ఒకదాని మీద ఒకటి. చూడ్డానికి చాలా బాగుంది.

బాగుందా లేదా అన్నది నేల మీదే తేలాలని, మాస్కింగ్ టేపుతో అన్నీ అసలు కొలతల్లో గీశాం. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే పదిన్నరయింది. గీతలు నేల మీదే ఉంటే మనిషి వాటి మీదుగా నడిచేస్తాడు, కాబట్టి అట్టపెట్టెలు తెచ్చి గట్ల ఎత్తుకి పేర్చాం. ఫ్రిజ్ చోట పాత ఫ్రిజ్‌నే తోసుకొచ్చి నిలబెట్టాం. అదే మంచిదయింది.

మూలలో పెట్టాక తలుపు తెరిచాను. 90 డిగ్రీలు రాగానే హ్యాండిల్ గోడకి తగిలి ఆగిపోయింది. అంతవరకూ ఇబ్బందేమీ లేదనిపించింది, లోపల అన్నీ కనిపిస్తున్నాయి. అప్పుడు కింది కూరగాయల ట్రే లాగాను. నాలుగు వేళ్లంత వచ్చి, తలుపుకున్న సీసాల అరకి తగిలి నిలిచిపోయింది. ట్రే కొంచెం పైకెత్తి, ఏటవాలుగా తిప్పి లాగితే మూల ఒకటి బయటికొచ్చింది, రెండోది రాలేదు. ట్రే మొత్తం బయటికి తీసి కడగాలంటే ఫ్రిజ్‌నే ముందుకి జరపాలి. తలుపు 90 కాదు, 115 డిగ్రీల దాకా తెరుచుకుంటే తప్ప ఆ ట్రే రాదు. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య ఒక పలక వేసి నాలుగంగుళాలు ఎడం చేస్తే సరిపోతుందని కొలిచాం. కానీ ఆ నాలుగంగుళాలు ఎవరికీ పనికిరాని చోటవుతుంది.

మధ్యాహ్నానికి రెండో లోపం బయటపడింది. పాప మంచినీళ్ల కోసం హాల్లోంచి వచ్చి, ఐలాండ్ చుట్టూ తిరిగి, స్టవ్ గుర్తుకీ సింకు గుర్తుకీ మధ్యలోంచి నడిచి ఫ్రిజ్ దగ్గరికెళ్లింది. మళ్లీ అదే దారిన వెనక్కి. నేను అట్టపెట్టెల మధ్య వంట చేస్తున్నట్టు నిలబడి ఉన్నాను. గంటలో తను మూడుసార్లు నన్ను పక్కకి జరిపింది. మూసిన వంటింట్లో ఇది జరగదు. అక్కడికి వచ్చేది పని ఉన్నవాళ్లే. గోడ తీసేశాక వంటిల్లు అందరికీ దారి అయిపోతుంది.

అయిదో రోజు

ఈరోజు పుస్తకాల పని. వంటింటి పని త్రిభుజం గురించి అందరూ చెబుతారు. ఫ్రిజ్, సింకు, స్టవ్ మూడూ మూడు మూలలు. ఒక్కో భుజం 4 అడుగులకి తగ్గకుండా, 9 అడుగులు మించకుండా, మూడూ కలిపితే 13 నుంచి 26 అడుగుల మధ్య ఉండాలని లెక్క. 1940ల్లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగంలో రూపుదిద్దుకున్న సూత్రం ఇది. అంతకుముందే, 1926లో, మార్గరెటే ష్యూటె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ వంటింటికి రూపకల్పన చేసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న ఆ చిన్న గదిలో ప్రతి అడుగూ లెక్కపెట్టి, ఫ్యాక్టరీలో పని సాగినట్టు సాగేలా అన్నీ అమర్చింది. ఆ వంటిల్లు ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. చేతికి అందని వస్తువు అందులో ఒక్కటి లేదు.

నా కాగితం ప్లానుకి త్రిభుజం లెక్క కట్టాను. నాలుగున్నర, నాలుగు, ఆరు. మొత్తం పద్నాలుగున్నర అడుగులు. సూత్రం ప్రకారం చక్కగా కుదిరింది. అయినా నేల మీద ఆ ప్లాను పనిచేయలేదని మొన్ననే చూశాం. కారణం ఆలోచిస్తే తెలిసింది. ఆ సూత్రం ఒక్క మనిషి, మూడు చోట్లు అనుకుని పుట్టింది. ఇప్పుడు డిష్‌వాషర్, మైక్రోవేవ్, కెటిల్ వచ్చి చేరాయి. గదిలో నలుగురుంటారు. త్రిభుజంలో భుజాల పొడవెంతో చూడడంతో పాటు, దాన్ని కోసుకుంటూ ఎవరు నడుస్తున్నారో కూడా చూడాలి. చెప్పాలంటే ఆ సూత్రం చెప్పినవాళ్లు కూడా పెద్ద దారి త్రిభుజంలోంచి పోకూడదనే అన్నారు. మనం అంకెలు గుర్తుపెట్టుకుని ఆ మాట వదిలేశాం.

సాయంత్రం ఫ్రిజ్‌ని ఎడమ గోడకి, హాలుకి దగ్గరగా ఉన్న చివరికి మార్చి మళ్లీ టేపు వేశాం. హాల్లోంచి వచ్చినవాళ్లు అక్కడే ఆగి తలుపు తీసుకుంటారు, లోపలికి రానక్కర్లేదు. చివర కాబట్టి పక్కన గోడ లేదు, తలుపు ఎంతైనా తెరుచుకుంటుంది. సామాను తీసి వెనక్కి తిరిగితే ఐలాండ్ మూల దొరుకుతుంది.

తలుపు ఎటు తెరుచుకోవాలన్న దాని మీద మా ఆయనకీ నాకూ చాలాసేపు చర్చ నడిచింది. బిజాగరీలు హాలు వైపుంటే వంట చేసేవాళ్లకి లోపల అంతా ఎదురుగా కనిపిస్తుంది. వంటింటి వైపుంటే హాలు వాళ్లకి సులువు. రెండు రోజుల క్రితమే పాత ఫ్రిజ్ మీద కాగితం అంటించి, ఎవరు తెరిస్తే వాళ్లు గీత గీయాలని పెట్టాం. గీతలు నావే ఎక్కువ వచ్చాయి. బిజాగరీలు హాలు వైపుకే ఖాయం చేశాం. మా మోడల్‌కి తలుపు ఏ వైపుకైనా మార్చుకునే వీలుంది. కొనేముందు పుస్తకంలో అది చూసుకోవడం మంచిది, అన్నిటికీ ఉండదు.

ఎనిమిదో రోజు

స్టవ్ ఐలాండ్ మీదా, గోడకా? నాకు ఐలాండ్ మీద ఉండాలనే ఆశ. వంట చేస్తూ హాల్లోవాళ్లతో మాట్లాడొచ్చు, పాప చదువుకుంటుంటే చూడొచ్చు. ఈ ఆశని వదులుకోవడానికి ఒక పూట పరీక్ష కావాల్సి వచ్చింది.

సింగిల్ ఇండక్షన్ పొయ్యి ఒకటి తెచ్చి, ఐలాండ్ గుర్తు మీద బల్ల వేసి, గిన్నెలో నీళ్లు మరగపెట్టాం. లైట్లు ఆర్పేసి పక్కనుంచి టార్చి వేశాను. ఆవిరి గిన్నె మీద రెండడుగులు నిటారుగా లేచి, అక్కడి నుంచి హాలు వైపు వంగిపోయింది. పెరటి తలుపు ఓరగా తీసి ఉంది, అంతే. అది మూయించాక ఆవిరి నిటారుగా నిలబడింది. పాప అటునుంచి ఇటు నడిచింది, ఆ గాలికే ఆవిరి మళ్లీ చెదిరి రెండుగా చీలిపోయింది. చిమ్నీ ఉండాల్సిన ఎత్తుకి ఒక అట్ట పట్టుకుని చూస్తే సగం ఆవిరి అట్ట అంచు దాటి బయటికే పోతోంది. తర్వాత అదే గిన్నె గోడ పక్కకి మార్చాం. గోడని అంటిపెట్టుకున్నట్టు ఆవిరి పైకి పాకింది. తలుపు తీసినా కొంచెమే వంగింది.

చిమ్నీ లెక్కలు చెప్పేది కూడా ఇదే. గోడకున్న స్టవ్‌కి ప్రతి అడుగు వెడల్పుకీ నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి లాగగలిగే చిమ్నీ కావాలని సాధారణంగా చెబుతారు, ఐలాండ్ మీదైతే 150. మా స్టవ్ రెండున్నర అడుగులు. గోడకైతే 250, అంటే గంటకి సుమారు 425 ఘనపు మీటర్లు. ఐలాండ్ మీదైతే 375, గంటకి సుమారు 640. గాలి ఎక్కువ లాగాలంటే మోటారు హోరు కూడా పెరుగుతుంది, ఆ హోరు నేరుగా హాల్లోకే వస్తుంది. పైగా ఐలాండ్ నుంచి గొట్టం సీలింగ్‌లోంచి ఎనిమిది అడుగులు పోయి రెండుసార్లు మలుపు తిరగాలి. ప్రతి మలుపూ గాలి వేగాన్ని తగ్గిస్తుంది. గోడకైతే ఆరంగుళాల వ్యాసమున్న గొట్టం ఒక్క మలుపుతో బయటికి పోతుంది.

అలా స్టవ్ లోపలి గోడకి వచ్చింది. ఐలాండ్ మీద ఏమీ లేని నున్నటి గట్టు మిగిలింది. కూరగాయలు తరిగే పని అక్కడ హాలు వైపు తిరిగి చేసుకోవచ్చు. నిజానికి వంటలో ఎక్కువసేపు నిలబడేది తరిగే దగ్గరే, పొయ్యి దగ్గర కాదు. మాటలూ పాప చదువూ రెండూ కుదురుతాయి.

పదకొండో రోజు

లోపలి గోడ మొత్తం 168 అంగుళాలు. ఎడమ నుంచి లెక్క వేశాం. మూల 24, స్టవ్‌కి ఎడమ పక్క గిన్నె దించుకోవడానికి 15, స్టవ్ 30, తర్వాత పని చేసుకునే గట్టు 36, సింకు 33, డిష్‌వాషర్ 24. కలిపితే 162. చివర ఆరంగుళాలు పూడిక పలక. కిటికీకి స్టవ్ అంచుకీ మధ్య 15 అంగుళాలు వచ్చింది. ఎడమ రెక్క మూసి, కుడి రెక్క తీసి పెట్టుకుంటే స్టవ్ మీదికి గాలి కొట్టదు, చిమ్నీకి కావాల్సిన గాలి లోపలికి వస్తుంది.

డిష్‌వాషర్ దగ్గరే పొద్దంతా గడిచింది. నీళ్ల గొట్టాల కోసం అది సింకు పక్కనే ఉండాలి. సింకు నుంచి మూడడుగులు దాటకపోతే తడి పళ్లేలు నేల మీద కారకుండా లోపలికి చేరతాయి. అయితే ఎడమ పక్కనా, కుడి పక్కనా? ఎడమనైతే తలుపు తీయగానే స్టవ్‌కీ సింకుకీ మధ్య పని చేసుకునే చోటంతా మూసుకుపోతుంది. కుడినైతే హాలు నుంచి పెరట్లోకి పోయే దారికి ఎదురవుతుంది.

అట్టముక్కని డిష్‌వాషర్ తలుపంత కోసి, కింది అంచుకి టేపు వేసి, కిందకి వాలేలా కట్టాం. వాలిస్తే గట్టు నుంచి 27 అంగుళాలు ముందుకొచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చిన పాప చూసుకోలేదు, అట్ట చినిగింది. నిజం తలుపైతే మోకాలి కింద దెబ్బ తగిలేది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

తర్వాత కొలిచి చూశాం. పెరటి తలుపు గడప లోపలి గోడ నుంచి అయిదడుగుల దగ్గర మొదలవుతుంది. గట్టు రెండడుగులు, వాలిన తలుపు రెండడుగుల మూడంగుళాలు. ఇంకా తొమ్మిది అంగుళాలు ఎడం ఉంది. పెరట్లోకి వెళ్లేవాళ్లు దాన్ని తాకకుండానే తిరిగిపోవచ్చు. ఫ్రిజ్ అవతలికి వెళ్లిపోయింది కాబట్టి పాప ఇటు పరిగెత్తే పని కూడా తగ్గింది. డిష్‌వాషర్ కుడి పక్కకే. పళ్లేలు, గిన్నెలు సర్దే సొరుగులు ఐలాండ్ కుడి చివర పెట్టించుకుంటున్నాం. డిష్‌వాషర్ తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ సొరుగులు తెరుచుకోవాలి. అట్టతో అది కూడా చూశాం, తెరుచుకున్నాయి.

ప్లంబరు రెండు మాటలు చెప్పాడు, రెండూ విలువైనవి. నీళ్ల కవాటం డిష్‌వాషర్ వెనక పెట్టొద్దు, సింకు కింది అలమరలో పెట్టాలి. ఎప్పుడైనా లీకైతే మిషను బయటికి లాగకుండా కట్టేయొచ్చు. మురుగు గొట్టాన్ని గట్టు అడుగు దాకా పైకెత్తి వంపు తిప్పాకే డ్రెయిన్‌లో కలపాలి. లేకపోతే సింకు మురుగు వెనక్కి మిషన్లోకి వస్తుంది.

పద్నాలుగో రోజు

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నేను పట్టికలో వాట్లు కూడా రాసి పెట్టాను. అది చూసి, "మేడం, ఇలా రాసిస్తే మాకు సగం పని తగ్గుతుంది. అందరూ 'ఇక్కడో పాయింటు, అక్కడో పాయింటు' అనే అంటారు," అన్నాడు.

లెక్క కష్టమైందేమీ కాదు, వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 230 వోల్టుల లైన్లో మా ఇండక్షన్ స్టవ్ 7,400 వాట్లు, అంటే 32 ఆంపియర్లు. దానికి బోర్డు నుంచి సొంత లైను, సొంత ఎం.సి.బి. (కరెంటు మోతాదు మించితే లైను దానంతటదే కట్టేసే స్విచ్చు). ఓవెన్ 3,000 వాట్లు, 13 ఆంపియర్లు. దానికీ సొంత లైను. డిష్‌వాషర్‌కీ అంతే.

చిన్నవాటిని చిన్నచూపు చూస్తే అవే ఇబ్బంది పెడతాయి. కెటిల్ 2,200, మైక్రోవేవ్ 1,400. రెండూ ఒకే 16 ఆంపియర్ల లైన్లో ఒకేసారి నడిస్తే 15.7 ఆంపియర్లు. అంచుకి వచ్చేసింది. టోస్టర్ కూడా వేస్తే దాటిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి ఆ మూడూ ఒకేసారి నడుస్తాయని ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది, ఎలక్ట్రీషియన్‌కి ఎలా తెలుస్తుంది? గట్టు మీది సాకెట్లని రెండు లైన్లుగా చీల్చాం, పక్కపక్క సాకెట్లు వేర్వేరు లైన్ల మీద ఉండేలా.

ఫ్రిజ్‌కి కూడా విడి లైను అడిగాను. దానికి కరెంటు తక్కువే చాలు, కానీ టోస్టర్ వల్ల ఎం.సి.బి. పడి, మేం ఊళ్లో లేనప్పుడు ఫ్రిజ్ ఆగిపోకూడదు. సాకెట్ ఫ్రిజ్ వెనక కాకుండా పక్క అలమరలో. వెనక పెడితే ప్లగ్గు మందం వల్ల ఫ్రిజ్ రెండంగుళాలు ముందుకి వస్తుంది, ప్లగ్గు తీయాలంటే ఫ్రిజ్‌ని లాగాలి. సింకు దగ్గర సాకెట్లు లేవు, దగ్గరదే మూడడుగుల దూరం. అన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) రక్షణ.

ఐలాండ్‌కి కరెంటు వైర్ల పైపు నేలలోంచి రావాలి, టైల్స్ పడకముందే. అదే ఇవాళ వేయించాం.

పదహారో రోజు

ఈరోజు ఒక తప్పు బయటపడింది, తప్పు నాది. ఐలాండ్ పైపు అయిదంగుళాలు ఎడమకి వచ్చింది.

జరిగిందిది. ఫ్రిజ్‌ని ఎడమ గోడకి మార్చాక, అది పక్క అలమర కన్నా అయిదంగుళాలు ముందుకొస్తుందని గుర్తించాం. ఫ్రిజ్‌కీ ఐలాండ్‌కీ మధ్య ఉండాల్సిన 42 అంగుళాలు 37 అయ్యాయి. అందుకని ఐలాండ్‌ని అయిదంగుళాలు కుడికి జరిపాం. కుడి దారి 37కి తగ్గింది. అది నడిచే దారే కాబట్టి 36 ఉంటే చాలు. టేపు మార్చాం, కాగితం మీద మార్చలేదు. ఎలక్ట్రీషియన్ చేతిలో ఉన్నది పాత కాగితం. పైపు సరిగ్గా ఐలాండ్ పక్క పలక కిందికి వచ్చి నిలబడింది.

సిమెంటు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఉలితో జానెడు కొట్టి, పైపు వంచి సరిచేశాం. అతను ఒక్కమాట కూడా విసుక్కోలేదు. పాత కాగితాలన్నీ చింపేసి, కొత్త ప్లాను గీసి, మూలన తేదీ, వరస నంబరు వేశాను. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో ప్లాను. గోడకి ఒకటి అంటించాం, ఎవరైనా అదే చూడాలి.

పద్దెనిమిదో రోజు

అమ్మ వచ్చింది. తను నాలుగడుగుల పదకొండంగుళాలు. వారంలో మూడు రోజులు వంట తనదే, కాబట్టి ఎత్తులన్నీ తనతోనే తేల్చాలని ఆగాను.

ముందు అనుకున్నది ఓవెన్ మీద మైక్రోవేవ్. ఓవెన్ అడుగు నేల నుంచి 28 అంగుళాలు, ఓవెన్ ఎత్తు 23 అంగుళాల పైచిలుకు. అంటే మైక్రోవేవ్ అడుగు 51 అంగుళాల పైన మొదలవుతుంది. అట్టపెట్టెలు ఆ ఎత్తుకే పేర్చి, గాజు గిన్నెలో నిండా చన్నీళ్లు పోసి అమ్మకి ఇచ్చాను.

"వేడిగా ఉన్నట్టే పట్టుకో అమ్మా, దించు చూద్దాం" అన్నాను.

తను రెండు చేతులూ ఎత్తింది. మోచేతులు భుజాల ఎత్తుకి లేచాయి. గిన్నెలో ఏముందో తనకి కనిపించడం లేదు. దాని అడుగు మాత్రమే కనిపిస్తోంది. ముందుకి లాగుతుంటే గిన్నె ఒక్క వేలంత వంగింది. నీళ్లు మణికట్టు మీదుగా జారి జాకెట్టు చేతిలోకి పోయాయి.

"ఇవి మరిగే నీళ్లయితే?" అంది అమ్మ, గిన్నె నా చేతికిస్తూ.

మైక్రోవేవ్ అడుగు, వాడేవాళ్ల భుజానికి మూడంగుళాలు కిందుండాలని, ఎంత పొడుగువాళ్లకైనా నేల నుంచి 54 అంగుళాలు దాటకూడదని ఒక మార్గదర్శకం ఉంది. అమ్మ భుజం 48 దగ్గర. అంటే 45 లోపు. ఎక్కడ పెట్టాలి? గట్టు మూల గుర్తొచ్చింది. రెండు గట్లు కలిసే ఆ 24 అంగుళాల మూలలో చెయ్యి లోపలికంటా అందదు, ఎప్పుడూ వృథాయే. అక్కడ మైక్రోవేవ్ ఐమూలగా కూర్చుంటే ముందు గట్టు కూడా మిగులుతుంది. పక్కనే ఎడమ గోడకి రెండడుగుల గట్టు, దాని తర్వాత ఓవెన్ అలమర. ఆ రెండడుగులు ఓవెన్ నుంచి తీసిన వేడి ట్రేకి, మైక్రోవేవ్ నుంచి తీసిన గిన్నెకి రెండిటికీ సరిపోతాయి. వేడి వస్తువు చేత్తో పట్టుకుని ఒక్క అడుగు కూడా నడవకూడదని నా నియమం.

ఓవెన్ తలుపు కిందికి తెరుచుకుంటుంది, దాని మీదుగా వంగి ట్రే తీయాలి. ఓవెన్‌ని గట్టు కింద పెడితే అమ్మ నడుం వంచాలి, మరీ పైకి పెడితే వేడి మొహానికి కొడుతుంది. ఇప్పుడు మధ్య ట్రే దాదాపు గట్టు ఎత్తుకే వచ్చింది.

ఓవెన్‌కీ ఫ్రిజ్‌కీ మధ్య ఒక అడుగు వెడల్పున సామాన్ల అలమర వేస్తున్నాం. ఓవెన్ వేడి పక్కనే ఉంటే ఫ్రిజ్ కంప్రెసర్ ఊరికే ఎక్కువ పనిచేయాల్సి వస్తుంది. అలా ఎడమ గోడ లెక్క కుదిరింది: మూల 24, గట్టు 24, ఓవెన్ 24, సామాన్లు 12, ఫ్రిజ్ చోటు 30. మొత్తం 114, సరిగ్గా తొమ్మిదిన్నర అడుగులు.

మళ్లీ త్రిభుజం కొలిచాను. స్టవ్ నుంచి సింకు అయిదున్నర, ఫ్రిజ్ నుంచి స్టవ్ ఆరున్నర, ఫ్రిజ్ నుంచి సింకు తొమ్మిదడుగుల పదంగుళాలు. ఒక భుజం సూత్రాన్ని పదంగుళాలు దాటింది. దాటనిచ్చాను. కాగితం మీది పద్నాలుగున్నర అడుగుల త్రిభుజం కన్నా, ఎవరూ అడ్డం రాని ఈ ఇరవై రెండు అడుగుల త్రిభుజంలో నాకు పని తేలికయింది. వారం రోజులుగా అట్టపెట్టెల మధ్య నడిచి చూసి చెబుతున్న మాట ఇది.

ఇరవై ఒకటో రోజు

చప్పుళ్ల రోజు. సోఫా పెట్టే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇక్కడి నుంచి డిష్‌వాషర్‌కి 15 అడుగులు, మధ్యలో తలుపు లేదు. రాత్రి భోజనాలయ్యాక అది నడుస్తుంది, అప్పుడే మేం కూర్చుని మాట్లాడుకునేది. రెండు మోడళ్ల మధ్య ఊగిసలాడుతున్నాం, ఒకటి 49 డెసిబెల్స్, ఒకటి 43. ఆరు డెసిబెల్సే కదా అనిపిస్తుంది. కానీ ఈ కొలమానంలో మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, పది పెరిగితే చెవికి రెట్టింపు వినిపిస్తుంది. మూసిన వంటింట్లోనైతే 49దే తీసుకునేదాన్ని. ఇక్కడ 43దే కావాలి. మిగతావాటిలో తగ్గించుకున్నా ఇందులో తగ్గించుకోను.

మిక్సీకి ఐలాండ్‌లో వంటింటి వైపు సొరుగు పైన చోటు, కింద మందపాటి రబ్బరు చాప. కెటిల్, టోస్టర్ ఓవెన్ పక్క గట్టు మీద వెనక్కి. హాల్లోంచి చూస్తే కనపడవు. వాటర్ ఫిల్టర్ సింకు కింద.

ఇరవై అయిదో రోజు

టైల్స్ పడ్డాయి. ఫ్రిజ్ వచ్చింది. ఎత్తు 180 సెంటీమీటర్లు, లోతు 70. పడుకోబెట్టి తెచ్చి లోపల నిలబెట్టాలంటే మూల నుంచి మూలకి 193 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. పైన దూలానికి కట్టిన తాత్కాలిక లైటు 190లోనే వేలాడుతోంది, ముందే విప్పించాను. అదృష్టవశాత్తూ ఫ్రిజ్‌ని నిలువుగానే తెచ్చారు, గుమ్మం దగ్గర మాత్రం కొంచెం వాల్చారు.

టేపు గీతల మధ్య దాన్ని నిలబెట్టి, నాలుగు కాళ్లూ తిప్పి మట్టం చూసుకున్నాం. వెనక ఖాళీ కొలిచాను, 5 సెంటీమీటర్లు. తలుపు తెరిచాను. తొంభై దాటింది, నూటపది దాటింది, హాలు వైపు హాయిగా వెళ్లిపోయింది. కింది ట్రే లాగాను. ఏ అంచుకీ తగలకుండా మొత్తం చేతుల్లోకి వచ్చింది. ట్రే పట్టుకుని వెనక్కి తిరిగి, ఐలాండ్ ఉండబోయే చోట పేర్చిన అట్టపెట్టెల మీద పెట్టాను.

వాల్చి దించారు కాబట్టి కంప్రెసర్‌లో నూనె కుదురుకునేదాకా ఆగమన్నారు. రేపు పొద్దున ప్లగ్గు పెడతాం. కార్పెంటరుకి ఫోన్ చేశాను, సోమవారం వస్తానన్నాడు. నాలుగో ప్లాను కాపీ ఒకటి అతని కోసం తీసి పెట్టాను.